కిమ్ తాతకు పంపిన డెబ్బై తరాలు

వాడి కబీర్, మస్కట్
12 ఫిబ్రవరి 2009

కడపలో కూర్చుని చరిత్రను ఒంటిచేత్తో కాపాడుతున్న హమీదున్నీసా బేగం గారికి మల్లీశ్వరి సలాం.

ఫోన్ చేయకుండా ఈ కాగితాలేమిటని అడగవులే. "ఫోన్లో అయితే నోరు పెట్టుకుని గెలుస్తావు, కాగితం మీదికి రా, చూస్తాను" అన్నది నువ్వే. వచ్చాను.

మనిద్దరం తిరుపతిలో ఎమ్మే చరిత్ర ముగించి ఇరవై రెండేళ్ళయింది. నువ్వు ఆడపిల్లల కాలేజీలో శాతవాహనులను బతికిస్తున్నావు. నేను అల్ ఖువైర్‌లో ఒక కొరియా కంపెనీ ఆఫీసులో కూర్చుని, పైపుల డ్రాయింగులకు నంబర్లు వేసి ఫైల్లో పెడుతున్నాను. మీ అన్న, అదే మా ఆయన జయరాముడు, యథాప్రకారం వర్క్‌షాపులో లారీల కింద పడుకుని ఉంటాడు. ఇంత పాత జీవితంలోకి హఠాత్తుగా చరిత్ర వచ్చి పడింది. అందుకే నువ్వు గుర్తొచ్చావు.

మా సెక్షన్లో హో మిన్‌జూ అనే పిల్ల ఉంది. 'హో' ఇంటిపేరు; వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు. ఇరవై తొమ్మిదేళ్ళు. మొన్న మధ్యాహ్నం డబ్బా తెరిచి నేను వెల్లుల్లి కారం కలుపుకుంటుంటే ఒకటే నవ్వు. "మేడమ్, మీరు కూడా ఎలుగుబంటి సంతానమే" అంది. నా ఒళ్ళు చూసి అంటున్నదేమో అనుకుని ముఖం మాడ్చుకున్నాను. కాదట. వాళ్ళ జాతి పుట్టుక అది. ఒక ఎలుగుబంటి, ఒక పులి మనుషులం కావాలని దేవుడి కొడుకును వేడుకున్నాయట. ఆయన ఇరవై వెల్లుల్లి రెబ్బలు, మన వినాయకచవితి మాచిపత్రి లాంటి ఆకు ఒక కట్ట ఇచ్చి, ఇవే తింటూ నూరు రోజులు ఎండ ముఖం చూడకుండా గుహలో ఉండమన్నాడట. పులి తట్టుకోలేక పారిపోయింది. ఎలుగుబంటి ఇరవై ఒక్క రోజుకే ఆడదై కూర్చుంది. ఆమె కొడుకే వాళ్ళ మొట్టమొదటి రాజు. మే నుంచి సెప్టెంబరు దాకా ఎండ ముఖం చూడకుండా ఏసీ గదిలో వెల్లుల్లి తిని బతుకుతున్నదాన్ని, పదకొండేళ్ళయినా నేనేమీ కాలేదే అని నాకు దిగులేసింది.

తర్వాతి రాజులు గుడ్లలోంచి వచ్చారు. ఒకడి గుడ్డును కుక్కలకు వేస్తే ముట్టలేదట, పందులకు వేస్తే తినలేదట. ఇంకొకడిది తెల్లగుర్రం పక్కన దొరికింది. దక్షిణాన గయ అని ఒక రాజ్యం, మన గయ కాదు, అక్కడికి ఏకంగా ఆరు బంగారు గుడ్లు ఆకాశంలోంచి పెట్టెలో దిగాయి. మా గెస్ట్ హౌస్‌లో వంట చేసే పెంచలమ్మ, రాజంపేట మనిషి, అంతా విని "అయితే ఆ కాలంలో ఆడోళ్ళకు కాన్పు నొప్పులే ల్యాకపాయనా! ఎంత అదురుష్టం చేసుకున్యారమ్మా" అంది.

ఆ ఆరింట్లో మొదట పగిలిన గుడ్డులోంచి వచ్చినవాడు సూరో రాజు. ఆయనకు పెళ్ళాంగా ఒక పదహారేళ్ళ రాజకుమారి ఎర్ర తెరచాప పడవలో సముద్రం దాటి వచ్చింది. అయుత అనే దేశం నుంచి. ఆ దేశం మనదేనని వాళ్ళ నమ్మకం! పదిమంది కొడుకులు పుట్టాక ఆమె "అందరికీ మీ ఇంటిపేరేనా? ఇద్దరికి నాది పెట్టండి" అని అడిగిందట. రాజు పెట్టాడు. ఆ ఇద్దరి సంతానం హో వారు. మిగిలినవాళ్ళ సంతానం కిమ్ వారు. అంటే అన్నదమ్ముల బిడ్డలు. దాదాపు రెండు వేల ఏళ్ళు గడిచినా ఈ రెండు ఇళ్ళ మధ్య పిల్లనిచ్చుకోరు. చట్టం అడ్డం రాదు, పెద్దలు వస్తారు.

మా పిల్ల హో. సోహార్ సైటులో పైపుల ఇంజనీరు దోహ్యున్ అనే బక్కపలచని అబ్బాయి కిమ్. మూడేళ్ళుగా ఇష్టపడుతున్నారు. అబ్బాయి తాత వంశానికి పెద్ద. ఊహూఁ అన్నాడు.

నాకు నోరు ఊరుకోదు కదా. "ఇంతేనా! మా పెళ్ళిలో మా ఇద్దరిదీ ఒకే గోత్రం. ముందురోజు నన్ను మా అమ్మ చెల్లెలైన పిన్నికీ చిన్నాయనకూ దత్తు ఇచ్చేశారు. వాళ్ళ గోత్రం పిల్లనై పీటల మీద కూర్చున్నాను. మా నాన్న పందిట్లో చుట్టంలా తిరిగాడు" అని చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆ రోజు సైటు నుంచి ఆఫీసుకు వచ్చిన దోహ్యున్ జేబులోంచి నోట్‌బుక్ తీసి, గీత గీసి, 'మొదటి పని' అని రాసుకున్నాడు. మిన్‌జూ నా చెయ్యి పట్టుకుని "మేడమ్, నన్ను మీరు దత్తు తీసుకోండి. మా రాణి మీ దేశం నుంచే వచ్చింది. నేను మీ ఇంటికి తిరిగి వచ్చేస్తే హోను కాను కదా" అంది. నేను "సరే" అన్నాను. ఒప్పుకున్న తర్వాత ఆలోచించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బేనని నీకు తెలుసు.

మీ అన్నకు ఇంకా చెప్పలేదు. ముందు నువ్వు చెప్పు, ఆ రాజకుమారి నిజంగా మనదేనా?

నీ మల్లి

◆

కడప
2 మార్చి 2009

తిక్క మల్లీకి,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి గట్టిగా నవ్వినందుకు ప్రిన్సిపాల్ నన్ను అనుమానంగా చూశారు. ఆ పాపం నీది.

అడిగావు గనక చెప్తున్నా. నీ రాజకుమారి దిగిందన్నది క్రీస్తు శకం నలభై ఎనిమిదిలో. ఆ సంగతి ఒక బౌద్ధ భిక్షువు పుస్తకంలో ఎక్కింది పదమూడో శతాబ్దంలో. మధ్యలో పన్నెండు వందల ఏళ్ళు! మా కాలేజీలో పొద్దున నేనన్న మాట మధ్యాహ్నం నా దగ్గరికి తిరిగి వచ్చేసరికి నేనే గుర్తుపట్టను. అయుత అంటే అయోధ్య అని కొందరు గట్టిగా నమ్మి, ఎనిమిదేళ్ళ కింద సరయూ ఒడ్డున ఒక రాయి కూడా నిలబెట్టారు. రాయి నిలబెట్టినంత మాత్రాన రాణి నడిచి రాదు. కాదనేవాళ్ళూ ఉన్నారు. నన్ను అడిగితే 'తెలియదు'. అదీ జవాబే. నువ్వు ఎమ్మేలో పరీక్ష పేపరు మీద ఆ జవాబు ఎప్పుడూ రాయలేదు, తెలియని చోటల్లా కథ అల్లి మార్కులు తెచ్చుకున్నావు. నేను 'తెలియదు' అని రాసి పోగొట్టుకున్నాను.

నీ పెళ్ళి సంగతి మాత్రం నిజం, సాక్షిని నేనే. మీ చిన్నాయన మంత్రాల మధ్య నిద్రపోతే మీ పిన్ని గిల్లి లేపింది. మీ నాన్న వడ్డన చూసే మిషతో వంటసాలలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు, అదీ చూశాను.

మీ రెండు జాతుల గోలా నాకు వింతే. నేను మా పెదనాన్న కొడుకును చేసుకున్నాను. ఖాదర్‌వలికీ నాకూ తాత ఒక్కడే, ఇల్లు ఒక్కటే, పెళ్ళికి పడమటి గదిలోంచి తూర్పు గదిలోకి కాపురం మార్చాను. మీ కిమ్ తాత మా ఇంటికి వస్తే గడపలోనే కుప్పకూలిపోతాడు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఖాదర్‌వలి ఏమన్నాడో తెలుసా? "ఇరవై తరాలైతే ఏంది, అరవై తరాలైతే ఏంది హమీదా, ఆ పిల్లోడు చేసుకుంటానంటే చేసుకోనీరాదూ! మమ్మల్ని ఎవురన్నా అడిగినారా?"

ఒక్క మాట. మీ ఆచారం ఏదో అది చెప్పు. దానికి చిలవలు పలవలు కట్టకు. అబద్ధం మీద ఆ పిల్లకు కాపురం పెట్టకు.

హమీదా

◆

వాడి కబీర్
3 ఏప్రిల్ 2009

హమీదా,

దోహ్యున్ దత్తు మాట చెప్తే తాత నుంచి ఫ్యాక్స్ వచ్చింది. కింద మిన్‌జూ ఇంగ్లీషు చేసి పెట్టింది. నువ్వు నమ్మవని ఒక కాపీ ఇందులో పెడుతున్నాను. మూలన ఎర్రముద్ర, పైన అడ్రసూ చూడు, ఎంత దర్జాగా ఉన్నాయో. కిమ్హే అనే ఊళ్ళో ఉంటాడు. ఎనభై మూడేళ్ళు. రిటైరైన బడిపంతులు. వాళ్ళ ఇళ్ళల్లో వంశంలోని ప్రతి మనిషినీ తరం తరంగా రాసిపెట్టుకునే పుస్తకాలుంటాయట. వాళ్ళ శాఖ పుస్తకం యాభై ఏళ్ళుగా ఆయన చేతిలోనే ఉంది.

ఆయన రాసిందింతే: "అమ్మాయిని ఇంకో ఇంటికి దత్తు ఇవ్వడం వినడానికి బాగుంది. ఏ ఇల్లు? మా అబ్బాయి మా పుస్తకంలో డెబ్బై రెండో తరం. ఆ ఇంటి పుస్తకం పంపండి. చూడకుండా మాట్లాడను."

మీ అన్నకు చెప్పక తప్పలేదు. గ్రీజు చేతులు సబ్బుతో తోముకుంటూ విన్నాడు.

"డెబ్బై తరాలా? మా తాత పేరే నాకు సగం తెలుసుమ్మే. అందరూ పెద్దోడు, పెద్దోడు అని పిలిచినారు. అది పేరా, వరసా?"

"ఏదో ఒకటి పంపాలి కదా."

"నన్ను తండ్రిగా కూర్చోపెడతావా? నన్ను అడిగినావా? సూడు, నేను ఈ నాటకాల్లో కూర్చోను. శుక్రవారం ఒక్కదినం నిద్రపోతా. ఆ నిద్ర మీద పెట్టినావు కన్ను."

అక్కడికి ఆయనది అయిపోయింది. కానీ పిల్ల సంగతి నవ్వులాటలా లేదు హమీదా. డిసెంబరుతో ఇక్కడి పని ముగుస్తుంది. దోహ్యున్‌ను ఇంకేదో చలిదేశానికి పంపుతారు. తాత ఈలోగా అక్కడ ఒక పళ్ళ డాక్టరు సంబంధం చూసిపెట్టాడు. మిన్‌జూకు తండ్రి లేడు. తల్లి బుసాన్‌లో చిన్న హోటలు నడుపుతుంది. ఆమె ఫోన్లో "ఎవరి కూతురివై చేసుకున్నా సరే, చేసుకో" అందట. నిన్న పెంచలమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆ పిల్ల మూడు దినాల్నుంచి సరింగా తినడం ల్యా. గిన్నె ఎట్ల పెడితే అట్లనే తిరిగొస్తాంది. నువ్వేందో చేస్తానన్న్యావంట కదమ్మా, చెయ్యి మరి" అని నిలదీసింది.

నేనే కదా ఆశపెట్టింది. నవ్వుకు అన్నానో, నిజంగా అన్నానో నాకే తెలియడం లేదు. రెండూ అయి ఉండవచ్చా?

అది సరే. మన తిరుపతి హాస్టల్లో వంటమనిషి పూర్తి పేరు ఏమిటి? కళ్ళద్దాల వార్డెన్ తండ్రి పేరూ, మనకు అశోకుడి శాసనాలు చెప్పిన సారు తాత పేరూ నీకేమైనా తెలుసా? ఊరికే, గుర్తొచ్చి అడుగుతున్నాను.

మల్లి

◆

కడప
24 ఏప్రిల్ 2009

మల్లీ,

ఊరికే గుర్తొచ్చాయా? మనిషికి వార్డెన్ తండ్రి ఊరికే గుర్తుకు రాడు. నువ్వేం చేస్తున్నావో అర్థమైంది. చేయకు. చేయకు. చేయకు. మూడుసార్లు రాశాను, మా మౌల్వీ సాబ్ కూడా ఇంతకంటే గట్టిగా చెప్పడు.

వంటమనిషి ముసలన్న, తండ్రి పుల్లన్న. వార్డెన్ తండ్రి వీరభద్రప్ప. సారు తాత నాకు తెలియదు, నువ్వు సొంతంగా పుట్టించుకోగలవు.

ఎందుకు చెప్పానో నాకే తెలియదు. నాకు పరీక్ష పేపర్లు దిద్దే పని ఉంది. ఉంటాను.

హమీదా

◆

వాడి కబీర్
19 జూన్ 2009

హమీదా,

తిట్టు. ఈసారి అడ్డం రాను.

చేశాను. మూడు శుక్రవారాలు కూర్చుని డెబ్బై తరాలు రాశాను. మీ అన్న వైపు నాలుగు తరాలు నిజమే దొరికాయి, 'పెద్దోడు'తో కలిపి. ఆ పైన హాస్టల్ ముసలన్న మన పద్దెనిమిదో తరం, తండ్రి పుల్లన్న పందొమ్మిదో తరం. వీరభద్రప్ప విజయనగరం కాలంలో గుర్రాలు అమ్మాడు. కడప బస్టాండులో మనకు ఎప్పుడూ చిల్లర ఇవ్వని కండక్టరు భీమన్నను ముప్పై ఒకటో తరంలో ఒక చెరువు తవ్వించినవాడిగా చేశాను, ఇప్పటికైనా పుణ్యం వస్తుందని. అరవయ్యో తరం దాటాక చేయి తిరిగిపోయి, ఒక అక్కను పడవెక్కించి తూర్పు సముద్రం మీదికి పంపాను. ఎర్ర తెరచాప అని మాత్రం రాయలేదు, నాకూ కొంచెం సిగ్గుంది. ఆఫీసు ప్రింటర్లో తీసి, మంచి అట్ట వేసి, డ్రాయింగులాగే నంబరు కొట్టి పంపాను. నీకు చెప్పలేదు. చెప్తే ఆపుతావని.

తాత జవాబు చూడు:

"అమ్మా, మీరు పంపిన పుస్తకం మూడుసార్లు చదివాను. డెబ్బై తరాల్లో ఒక్క బిడ్డ కూడా చిన్నతనంలో పోలేదు. సంతానం లేని మనిషి ఒక్కడూ లేడు. ఎవరూ దత్తు రాలేదు. ఎవరూ అప్పులకో తగాదాకో ఊరు విడిచి పారిపోలేదు. అందరూ అరవై ఏళ్ళు బతికి, పద్ధతిగా కొడుకును కని, పద్ధతిగా పోయారు. నేను యాభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నిజమైన వంశం ఇంత శుభ్రంగా ఉండదు. మా మనవడి కోసం నాతో ఆడుకున్న ఇంటికి ఆ అమ్మాయిని దత్తు ఇవ్వడం నాకు సమ్మతం కాదు."

వాళ్ళ సూరో రాజు నూట యాభై ఎనిమిదేళ్ళు బతికాడని నమ్మిన మనిషి నా అరవైని నమ్మలేదు! ముందు ఈ మాటే తోచింది. నవ్వు కూడా వచ్చింది. తర్వాత మిన్‌జూ ముఖం చూశాను.

ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. "మేడమ్ నా కోసం చాలా కష్టపడ్డారు" అని వంగి నమస్కారం చేసి, తన సీటు దగ్గరికి పోయి రాజీనామా టైపు చేసుకుంది. దానికి నంబరు వేసి ఫైల్లో పెట్టాల్సింది నేనే. ఇంకా పెట్టలేదు. నా సొరుగులో దాచాను. అది తప్పో ఒప్పో కూడా ఇప్పుడు తేల్చుకోలేను. నేను ఆ పిల్లకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను. చేయలేదు. ఆడుకున్నాను. నా ఎలుగుబంటి గుహలో నాకు పొద్దుపోవడానికి ఒక బొమ్మ దొరికింది, అంతే.

దోహ్యున్ గురువారం వచ్చాడు. మీ అన్నతో ఒక ముక్క మాట్లాడకుండా గంటసేపు టీవీలో క్రికెట్ చూశాడు. వాళ్ళకు క్రికెట్ తెలియదు. అతను వెళ్ళాక మీ అన్న, "పాపం, ఓవరైపోయిన సంగతి కూడా తెలీకుండా సూస్తాండాడు. మంచోడేమ్మే వీడు" అన్నాడు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. తాత జవాబు చివర ఇలా ఉంది: "ఇంకో అమ్మ అడిగిన ప్రశ్నకు సమాధానం వెతుకుతున్నాను. దొరికేదాకా నన్ను తొందరపెట్టవద్దని ఆమెకు చెప్పండి."

ఇంకో అమ్మ ఎవరు?

మల్లి

◆

కడప
8 జూలై 2009

మల్లీ,

తిట్టడానికి కూర్చున్నాను. కానీ నేను కూడా దొంగనే, ఎలా తిట్టను?

ఇంకో అమ్మను నేనే. ఏప్రిల్లో నీకు ముక్తసరిగా రాసి పోస్టులో వేసిన రోజే, నువ్వు పంపిన ఫ్యాక్స్ కాపీ మీది అడ్రసు చూసి ఆయనకూ ఒకటి వేశాను. అది నీ పుస్తకం కంటే ముందే చేరి ఉంటుంది. ఖాదర్‌వలికి కూడా చెప్పలేదు. కొరియాకు స్టాంపులు ఎంతో చెప్పడానికి పోస్టాఫీసు వాడు ముగ్గురిని అడిగాడు. ఇంగ్లీషులో రాసింది తెలుగులో ఇది:

"అయ్యా, నేను చరిత్ర చెప్పే టీచరును. మీ రాణి మా దేశం నుంచి వచ్చిందో లేదో నాకు తెలియదు. ఎవరైనా తెలుసునంటే నమ్మకండి, నా స్నేహితురాలిని కూడా. నా సందేహం వేరే. ఇద్దరు కొడుకులకు తన ఇంటిపేరు పెట్టమని రాణి అడిగిందని మీ కథలో ఉంది. ఆ ఇద్దరి సంతతి, తక్కిన కొడుకుల సంతతి ఎన్నటికీ పెళ్ళాడకూడదని ఆమె అన్నదా? రాజు అన్నాడా? ఎక్కడ రాసి ఉంది? ఏ పుస్తకం, ఏ పుట? నా విద్యార్థినులను అడిగినట్టే అడుగుతున్నాను, మన్నించండి."

అంతే. ఒక్క అబద్ధం లేదు. నువ్వు తెలియనిచోట కథ అల్లావు, నేను తెలియనిచోట ప్రశ్న పెట్టాను. నీకు చెబితే నా ప్రశ్నకు కూడా నువ్వు అట్ట వేసి పంపుతావని దాచాను.

మొన్న ఆయన జవాబు వచ్చింది. ఇంగ్లీషు ఆయనదే, పాతకాలం బడిపంతులు ఇంగ్లీషు, నాకు చాలా నచ్చింది:

"అమ్మా, మీ ప్రశ్న వచ్చిన రోజు నవ్వాను. రెండో రోజు పుస్తకాలు దించాను. నలభై రోజులు వెతికాను. పక్క ఊరి పెద్దలను అడిగాను. అందరూ 'అది అందరికీ తెలిసిందే' అన్నారు. పుట చూపించమన్నాను. ఎవరూ చూపించలేదు. నేను కూడా మా నాన్న చెబితే నమ్మాను, ఆయన వాళ్ళ నాన్న చెబితే నమ్మాడు. రాసి లేనిదాన్ని రాసి ఉందని నేను అనలేను, అంటే నేను కూడా మీ స్నేహితురాలి పుస్తకం లాంటిదే రాసినవాణ్ణి అవుతాను. కాబట్టి అడ్డం చెప్పను. కానీ మా వీధిలో అడిగేవాళ్ళకు నేను ఏదో ఒకటి చూపించాలి. మీ స్నేహితురాలి ఇల్లు వద్దన్నాను, కానీ ఆ అమ్మాయికి దొరికిన ఇల్లు అదొక్కటే. మీ ఆచారం ప్రకారం ఆ అమ్మాయిని ఆ ఇంటివాళ్ళు కూతురిగా తీసుకుని, కూతురిగా ఇవ్వాలి. డిసెంబరులో నేనే మస్కట్ వస్తాను. నా కళ్ళతో చూస్తాను. తండ్రిగా కూర్చునే మనిషి నటిస్తే నాకు తెలుస్తుంది. లేచి వెళ్ళిపోతాను, మా వాణ్ణి వెంట తీసుకుని."

మల్లీ, ఇప్పుడు బంతి జయరాముడన్న దగ్గర ఉంది. ఆయనకు నటన రాదు. అబద్ధం చెప్పడమూ రాదు. నాకు భయంగా ఉంది.

ఆ రాజీనామా కాగితం సొరుగులోంచి తీసి చించెయ్యి. అది చరిత్రకు అక్కర్లేదు.

హమీదా

◆

వాడి కబీర్
25 డిసెంబరు 2009

హమీదా,

ఫోన్లో "అయిపోయింది, బాగా జరిగింది" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేశానని అలిగావట. ఖాదర్‌వలి అన్న మెసేజి పెట్టాడు. ఇది ఫోన్లో చెప్పే కథ కాదు, కాగితం మీది కథ.

బౌషర్‌లో మా కంపెనీ గెస్ట్ హౌస్ హాల్లో, పదకొండో తేదీ శుక్రవారం పొద్దున. మంత్రాలు చెప్పడానికి తెలిసిన అయ్యవారొకాయన వచ్చాడు. పెంచలమ్మ తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి, మామిడాకులు దొరక్కపోతే కరివేపాకు గుత్తులు కట్టింది. మిన్‌జూకు నా ముహూర్తం చీర. బుసాన్ అమ్మ హోటలు వదిలి రాలేక ఫోన్లోనే సరేనంది. తాత నల్లకోటు వేసుకుని, ముందు వరసలో, కర్ర రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. పొట్టి మనిషి. హాలంతా ఆయనే ఉన్నట్టుంది.

మీ అన్న ఐదు నెలలుగా ఏ మాటా ఇవ్వలేదు. "కూర్చుంటాలే. నటించమనొద్దు. నాకేం వస్తే అదే" అని మాత్రం అన్నాడు. ముందురోజు మిన్‌జూను ఒళ్ళో కూర్చోపెట్టుకోమని అయ్యవారంటే సిగ్గుపడిపోయి, ఆ పిల్ల తల మీద ఒక చెయ్యి పెట్టి ఊరుకున్నాడు. దత్తు అయిపోయింది. మిన్‌జూ మా గోత్రం పేరు రాత్రంతా నేర్చుకుని, పొద్దున తప్పు లేకుండా అప్పజెప్పింది. పిల్లనిచ్చే గోత్రం, తీసుకునే గోత్రం వేరయ్యాయని అయ్యవారు గట్టిగా మూడుసార్లు చదివాడు. తాత తల ఊపాడు. ఇంతవరకు నా ప్రాణం స్థిమితంగానే ఉంది.

కాళ్ళు కడిగే దగ్గర వచ్చింది తంటా. మనకు అలవాటై తోచలేదు. యాభై రెండేళ్ళ మీ అన్న పళ్ళెం పెట్టి, చెంబు తీసుకుని, దోహ్యున్ కాలు పట్టుకోబోయాడు. ఆ పిల్లాడు నిప్పు తొక్కినవాడిలా వెనక్కి దూకాడు. తాత లేచి నిలబడ్డాడు. కర్ర నేలకు కొట్టి ఏదో అన్నాడు. మిన్‌జూ ఇంగ్లీషు చేసి చెప్పింది: "పెద్దవాడు చిన్నవాడి కాళ్ళు పట్టుకోవడమా? మా ఇంట్లో ఇలాంటిది జరగదు. ఆ ఒక్కటి వదిలెయ్యమంటున్నారు."

అయ్యవారు నా వైపు చూశాడు. నేను వదిలేద్దామనే అనబోయాను. ఇంతదాకా వచ్చింది, ఒక చెంబు నీళ్ళ దగ్గర చెడిపోతే ఎలా? తాత వెళ్ళిపోతాడనే నా భయం. మీ అన్న నా వైపు చూడను కూడా లేదు. చెంబు కింద పెట్టి, పీట మీద కదలకుండా కూర్చుని, ఎప్పటి గొంతుతోనే, వర్క్‌షాపులో కుర్రవాడికి చెప్పినట్టు,

"చెప్పమ్మా మిన్‌జూ ఆయనకు. పిల్లను ఊరికే చేతిలో పెట్టను. మా నాయనైనా, మా మామైనా కాళ్ళు కడిగే ఇచ్చినారు. వాడు చిన్నోడని కాదు. నా బిడ్డను తీసకపోతాండాడు గాబట్టి కడగతా. కడగనీయకుంటే ఇయ్యను. నా బిడ్డ నా ఇంట్లోనే ఉంటాది. పొమ్మను" అన్నాడు.

పెంచలమ్మ గరిటెతో అలాగే నిలబడిపోయింది. నేను ఇంగ్లీషు చేసి చెప్పాను, దాన్ని మిన్‌జూ కొరియా మాటల్లో పెట్టాలి. సగం చెప్పి ఏడ్చేసింది. తక్కిన సగం, తనను పొమ్మన్న మాట, దోహ్యునే చెప్పాడు.

తాత కర్ర పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా వచ్చి, ఆ బక్కవాణ్ణి భుజం మీద నొక్కి పీట మీద కూలేశాడు. ఒక షరతు పెట్టాడు: ముందు పిల్లాడు మామకు నేలకు నుదురు తాకేలా దండం పెట్టాలి, అప్పుడు మామ కాళ్ళు కడగవచ్చు. అలాగే అయింది. ఒకడు లేచేలోపు ఒకడు వంగాడు. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి కూడా. తాత అప్పుడు నవ్వాడు. నా పక్కకు వచ్చి తన ఇంగ్లీషులో, "మీ పుస్తకంలో ఈ మనిషి ఎక్కడా లేడు" అన్నాడు. రెండు రోజులుండి వెళ్ళిపోయాడు. నీ కోసం ఒక డబ్బా ఎండు సముద్రపు నాచు ఇచ్చాడు, 'పుట అడిగిన అమ్మకు' అని రాసి. ఖాదర్‌వలి అన్నకు ఏం వండిపెడతావో నీ ఇష్టం.

అంతా అయింది కదా అనుకుంటున్నావా? నేనూ అలాగే అనుకున్నాను. ఆ సంగతి చెప్పాలనే ఇవాళ కూర్చున్నాను.

ఇవాళ శుక్రవారం. మీ అన్న భోంచేసి పడుకోబోతుండగా తలుపు చప్పుడు. తీస్తే మిన్‌జూ. చేతిలో పెట్టె. పెళ్ళై సరిగ్గా పద్నాలుగు రోజులు; దోహ్యున్ పని ముగిసేదాకా ఇక్కడే మస్కట్‌లో కాపురం. విషయం ఏమిటంటే, దోహ్యున్ రోజూ తాతకు ఫోన్ చేసి ఇవాళ ఇంట్లో ఏం వండిందో చెప్తున్నాడట. తాత అక్కడి నుంచి ఉప్పు తక్కువ, సోయా ఎక్కువ అని చెప్తున్నాడట. "నాకు పెళ్ళి ఒకరితో అయిందా, ఇద్దరితోనా?" అంది. బుసాన్ అమ్మకు ఫోన్ చేయకపోయావా అన్నాను. "అక్కడికి పోవాలంటే విమానం టికెట్టు కావాలి. ఇక్కడికి టాక్సీ చాలు" అని చెప్పులు విప్పి లోపలికొచ్చి, నా వంటింట్లో వెల్లుల్లి కారం డబ్బా వెతుక్కుని, పెరుగన్నంలో కలుపుకుని తింది.

ఆరు నెలల కిందట అయితే దీని మీద నాలుగు పేజీల సందేహం రాసేదాన్ని. దత్తు నిజమా, నాటకమా, నేను తల్లినా, ఎవర్ని అని. ఇప్పుడు తీరిక లేదు. అల్లుడు అరగంట నుంచి బిల్డింగు కింద కారులో కూర్చుని ఉన్నాడు. పైకి రావడానికి భయం. మీ అన్న నిద్ర మానుకుని, బాల్కనీ కర్టెన్ పక్కన నిలబడి చూస్తున్నాడు.

"పిలవనా?" అన్నాను.

"ఇంకో పావుగంట కూర్చోనీ. ఏసీ వేసుకున్యాడులే. ఊరికే పోయి పిలిస్తే లోకువైతాం" అన్నాడు.

"ఎవరు పిలవాలి?"

"ఆడబిడ్డ తల్లి పిలవాల. అంతమాత్రం తెలీదా నీకు?"

లోపల మిన్‌జూ అద్దం ముందు జుట్టు దువ్వుకుంటోంది. అంటే కోపం సగం దిగింది. పావుగంట అయినట్టే ఉంది. చెప్పులు వేసుకుంటున్నాను, వెళ్ళొస్తాను.

మల్లి